చెరువుకట్ట మీద నేను దించిన రాయి

ఈ మధ్య కొత్తగా గైడు పనిలో చేరిన ఇద్దరు నన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చారు. చంద్రగిరి కోట చుట్టుపక్కల జనాన్ని నడిపించి తిప్పడంలో నాకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉందని వాళ్ళకెవరో చెప్పారట. అందులో ఒకాయన కాగితం, కలం తీసి పెట్టుకుని, "మొత్తం ఎన్ని మైళ్ళు సార్? యాడ యాడ ఆపాల? కోటలో ఏం చెప్పాల?" అని అడిగాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నిజానికి వాళ్ళ తప్పేమీ లేదు. నేనూ సరిగ్గా ఆ మూడు ప్రశ్నలతోనే ఈ పనిలోకి దిగాను. మూడింటికీ జవాబులు కంఠతా వచ్చి కూడా ఒక మనిషి చెయ్యి విరగడానికి కారణమయ్యాను. కాఫీ ఇచ్చి వాళ్ళను పంపించేశాను కానీ ఆ రోజంతా మనసు కుదుట పడలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నాకొచ్చిన మెచ్చుకోలు ఉత్తరాల సంగతి, నాతో కలిసి నడిచిన పెద్దవాళ్ళ పేర్లు ఇందులో ఉండవు. అవి కావాలంటే వేరే వాళ్ళను అడగండి.

బోర్డు మీది మాట

యుద్ధం రోజులవి. మద్రాసు మీద బాంబులు పడతాయన్న భయంతో ఊరు వదిలిన కుటుంబాలు తిరుపతికి, చిత్తూరుకు చేరుకున్నాయి. కొందరు చంద్రగిరి దాకా వచ్చారు. కోటకు కొంచెం దూరంలో పాత తోట బంగళా ఒకటి ఉండేది. దాన్ని బాగుచేయించి, గాలి మార్పు కోసం వచ్చేవాళ్ళకు విడిదిగా మార్చారు. పద్మనాభయ్య దానికి మేనేజరు. మాది ఐరాల దగ్గర పల్లె. ఎనిమిదో తరగతి దాకా చదివాను, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు, అరవం వచ్చు. అది చూసి ఆయన నన్ను గైడుగా పెట్టుకున్నాడు.

విడిదికి వచ్చేవాళ్ళలో సగం మందికి డాక్టర్లు రోజూ నడవమని చెప్పి పంపించేవారు. వాళ్ళ కోసం మేనేజరు ఒక దోవ ఏర్పాటు చేశాడు. బంగళా వెనక నుంచి బయలుదేరి, కొండ కింద చిట్టడవిలో ఒక మైలు నడిచి, అక్కడినుంచి చెరువుకట్ట మీదుగా ఇంకో మైలు పోయి, చివరికి కోట గోడ దాటి రాజమహలు దగ్గర ఆగడం. ఎక్కడా ఎక్కుడు లేదు, దిగుడు లేదు. గేటు దగ్గర బోర్డు రాయించాడు: "సులభమైన నడక. స్త్రీలు, వృద్ధులు కూడా హాయిగా నడవవచ్చును."

ఆ బోర్డు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. చూసినప్పుడల్లా పళ్ళు కొరుక్కునేవాణ్ణి అని రాసుకుంటే నాకు గౌరవంగా ఉంటుంది, కానీ అది అబద్ధం. అప్పట్లో దాన్ని చూసి గర్వపడేవాణ్ణి. ఆ నడక సులభంగా ఉండాలంటే రోజూ తెల్లవారగానే నేనూ, తోటమాలి గురవన్నా పోయి అడవిదారిలో రేగుముళ్ళు నరకాలి. పల్లేరుకాయలు ఊడ్చాలి. వాగు దగ్గర రాత్రి కొట్టుకుపోయిన రాళ్ళు మళ్ళీ పేర్చాలి. మంచినీళ్ళ కుండ ముందే మోసుకెళ్ళి నీడన పెట్టాలి. ఇదంతా అయ్యాక, బూట్లు వేసుకున్న పెద్దమనుషులు వచ్చి, "ఏమీ కష్టం లేదోయ్, భలే ఉంది దోవ" అనేవారు. ఎవరి కష్టం అని ఒక్కరూ అడగలేదు. ఆ మాటకొస్తే నేనూ అడగలేదు.

కోటలో నేను చెప్పిన అబద్ధాలు

ఇది చిన్న సంగతే, కానీ నా బుద్ధి ఎలాంటిదో తెలియడానికి చెబుతున్నాను. రాజమహలులో ఏ గది దేనికి వాడారో నాకు తెలియదు. తెలియదని చెప్పడం నామోషీ అనిపించింది. ఒక రోజు కిటికీ పక్కనున్న చిన్న గదిని చూపించి, "ఈడ రాణిగారు తల ఆరబెట్టుకునేవారు" అన్నాను. ఆడవాళ్ళు ఎంతో ముచ్చటపడ్డారు. మర్నాటి నుంచి ఆ రాణికి సాంబ్రాణి ధూపం వేశాను, ఇద్దరు దాసీలను ఇచ్చాను, చిలుకను కూడా ఇచ్చాను.

ఏడాది తిరక్కముందే మద్రాసు నుంచి వచ్చిన ఒకాయన అదే గది దగ్గర నన్ను ఆపి, చిలుకతో సహా మొత్తం కథ నాకే చెప్పాడు. "ఇంతకాలం ఇక్కడ పని చేస్తూ నీకు ఇది తెలియదా?" అని చీవాట్లు కూడా పెట్టాడు. నవ్వుకోకండి. మీరు చెప్పిన మాట మీ వెనకాల ఊరేగుతుంది. మీరు పోయాక కూడా ఆ గదిలో ఆ రాణి తల ఆరబెట్టుకుంటూనే ఉంటుంది.

గురవన్న

గురవన్న నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. అడవిలో గొర్రెలు మేపి, ఆ తర్వాత విడిదిలో తోటపనికి కుదిరినవాడు. మాటలు తక్కువ. అసలు ఈ పని నాకు నేర్పింది ఆయనే, మేనేజరు కాదు.

ఆ దోవ విడిది కోసం పుట్టింది కాదు. కొండ కింద పుల్లలు ఏరుకుని, మోపులు కట్టి, నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి తెచ్చి అమ్ముకునే ఆడవాళ్ళ దోవ అది. పదిహేను మంది దాకా ఉండేవారు. మొదటి రోజే గురవన్న నాకు చెప్పాడు.

"బరువుండే వాళ్ళకు దోవ ఇడవాలప్పా. చేతులూపుకుంటా వచ్చేవాడు కట్ట దిగి నిలబడాల. వాళ్ళను పలకరించగూడదు. పలకరిస్తే బదులు చెప్పను నిలబడాల, నిలబడితే మెడ నొస్తాది."

నేను సరేనన్నాను. నాలుగు రోజులు పాటించాను కూడా. ఐదో రోజు విడిదిలో దిగిన ఒక పెద్దమనిషిని కట్ట దిగి నిలబడమని అడిగితే, ఆయన బూటుకు బురదయింది. మేనేజరు నన్ను పిలిపించాడు.

"మునిరత్నం, ఎవురికి ఎవురు దోవ ఇయ్యాల్నో తెలీదా నీకు? ఆ ఆడోళ్ళకు బురద కొత్తా?" అన్నాడు.

మర్నాటి నుంచి మోపులు కనబడగానే ముందుకు పరుగెత్తి, "అమ్మా, పక్కకు, పక్కకు" అని కేకలు వేయడం మొదలుపెట్టాను. గురవన్న నాతో మాట్లాడటం తగ్గించాడు. దానికి నేను పెట్టుకున్న పేరు ముసలితనం.

కూర్చోవడానికి ఒక చోటు

జడ్జీగా పనిచేసి రిటైరైన ఒకాయన, ఆయన భార్య విడిదిలో ఆర్నెల్లు ఉన్నారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పి. చెరువుకట్ట సగం దాకా వచ్చేసరికి ఆయాసపడేది. "ఇక్కడ ఎక్కడైనా కాసేపు కూర్చునే వీలుంటే ఎంత బాగుండును" అని ఒకటి రెండుసార్లు అంది. అందులో తప్పేముంది? ముసలావిడ, కాళ్ళు నొస్తున్నాయి, అడిగింది.

కట్ట మధ్యలో మూడు రాళ్ళ కట్టడం ఒకటి ఉండేది. రెండు నిలువు రాళ్ళు, వాటి మీద అడ్డంగా ఒక పొడుగాటి బండ. మా వైపు దాన్ని అరవంలో లాగే సుమైతాంగి అంటారు. మోపు మోసేవాళ్ళు దాని దగ్గరికి వచ్చి, ఎవరి సాయం లేకుండా నెత్తి మీది మోపును అట్లే ఆ బండ మీదికి జరుపుకుంటారు. కాసేపు మెడ తిప్పుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ మోపు కిందికి తల పెట్టి ఎత్తుకుంటారు. అదే నేల మీద దించితే ఇంకో మనిషి వచ్చి ఎత్తేదాకా అక్కడే పడి ఉండాలి.

ఇదంతా నాకు తెలుసు. రోజూ చూస్తూనే ఉన్నాను. అయినా మేనేజరు దగ్గరికి పోయి, "ఆ బండను మోకాలి ఎత్తుకు దించితే మంచి బెంచీ అవుతుందండీ, చెరువు బాగా కనబడుతుంది" అని చెప్పింది నేనే. ఆయన చెప్పమనలేదు. జడ్జిగారి భార్య చెప్పమనలేదు. తెలివైనవాణ్ణి అనిపించుకోవాలని నా అంతట నేనే చెప్పాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తోంది.

మేనేజరు నా వీపు తట్టాడు. రాళ్ళు కొట్టేవాళ్ళను ఇద్దరిని పిలిపించాను. గురవన్నను గడ్డపార పట్టమన్నాను.

"నేను పట్టను" అన్నాడు.

అంతే. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒళ్ళు బద్ధకం అనుకుని, నిలువు రాళ్ళు రెండూ లోతుగా పాతించి, పైన బండ పెట్టించాను. ఆ రాళ్ళకు పసుపు పూసి ఉంది. కూర్చునేవాళ్ళ పంచెలకు, చీరలకు అంటుతుందని చింతపండు పెట్టి స్వయంగా రుద్ది కడిగాను. ఊరికే ఎవరైనా రాతికి పసుపు పూస్తారా? అది కూడా తట్టలేదు నాకు.

ఆ పొద్దు

పది రోజులు గడిచాయి. బెంచీ బ్రహ్మాండంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. మోపులు మోసే ఆడవాళ్ళు ఆపకుండా నడిచిపోతున్నారు. నేను గమనించినా గమనించనట్టే ఉన్నాను.

పదకొండో రోజు పొద్దున ఎనిమిది గంటల వేళ, జడ్జిగారు, ఆయన భార్య, ఇంకో నలుగురు ఆ బండ మీద కూర్చుని చెరువులో కొంగలను చూస్తున్నారు. అడవి వైపు నుంచి చెంగమ్మ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, నెత్తిన తనకంటే పొడుగైన తుమ్మపుల్లల మోపు. రాయి దగ్గరికి వచ్చి అలవాటు కొద్దీ ఆగిపోయింది. కూర్చున్నవాళ్ళు ఆమె వైపు చూశారు. ఎందుకు ఆగిందో వాళ్ళకు తెలియదు. ఎవరో నవ్వుతూ, "ఫోటో తీస్తామనుకుంటోందేమో" అన్నారు.

చెంగమ్మ మెడ నరాలు వణుకుతున్నాయి. అది నాకు కనిపించింది. కనిపించాక కూడా నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "పక్కకు జరుగమ్మా. వాళ్ళు చెరువు సూస్తా ఉండారు."

కట్ట వాలులో ఒక పెద్ద గుండు ఉంది, దానికి మోపు ఆనించుకుందామని ఆమె కిందికి దిగింది. మూడో అడుగు జారింది. మనిషి కిందపడింది, మోపు వచ్చి కుడిచేతి మీద పడింది. మోచెయ్యి విరిగిన చప్పుడు మా అందరికీ వినబడింది.

గురవన్నా నేనూ మోసుకుని వాళ్ళ గుడిసెకు చేర్చాము. పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించేసరికి తొమ్మిది రోజులయింది, అప్పటిదాకా ఇంట్లో పసుపు పట్టు వేసి చూశారు. ఎముక అతికింది. ఆ చెయ్యి మాత్రం మళ్ళీ తల దాకా లేవలేదు. తల దాకా లేవని చెయ్యితో మోపు మోయడం కుదరదు.

ఎవరిది ఆ రాయి

క్షమించమని అడగడానికి చెంగమ్మ ఇంటికి పోయాను. పక్కకు పొమ్మన్నందుకు తప్పయిందని చెప్పాను.

"దానికేముందిలేప్పా. రోజూ అంటానే ఉండావు కదా" అంది. తర్వాత, "ఆ రాయి మాయమ్మది" అంది.

అప్పుడు తెలిసింది. చెంగమ్మ తల్లి కూడా అదే దోవలో మోపులు మోసిన మనిషి. చెంగమ్మకు ఐదేళ్ళప్పుడు, నిండు చూలాలు, కాన్పు కాకుండానే కన్నుమూసింది. అట్లా కడుపులో బరువు దించుకోకుండా పోయిన ఆడమనిషి పేరున, పదిమంది బరువు దించుకోవడానికి ఒక రాయి నిలబెట్టడం మా వైపు ఆచారం. చెంగమ్మ నాయన ఆ మూడు రాళ్ళనూ బండి మీద తెచ్చి నిలబెట్టాడు. ఏటా ఆమె పోయిన రోజున చెంగమ్మ పసుపు పూసి వచ్చేది. ఆ పసుపునే నేను చింతపండు పెట్టి తోమింది.

బయటికి వచ్చి, వాకిట్లో ఉన్న గురవన్న మీద విరుచుకుపడ్డాను. "నీకు తెలుసు కదా! ముందే చెప్పకూడదా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పట్టనంటిని కదప్పా. ఇన్నేండ్లలో ఏ పనికన్నా పట్టనన్నానా నేను? అప్పుడన్నా అడగాల్సింది, ఎందుకు పట్టవని. నువ్వు అడిగే మనిషివా?"

జడ్జిగారి భార్యకు నేనే చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది. "నేను ఇన్నాళ్ళూ కూర్చున్నది దాని మీదనా? ముందే ఎందుకు చెప్పలేదు మునిరత్నం?"

"నాకు తెలీదమ్మా."

"దారి చూపించేవాడివి నువ్వు. నీకే తెలియకపోతే మాకు ఎవరు చెప్తారు? అది నీ పని కాదా?"

ఈ వృత్తిలో నన్ను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. న్యాయంగా తిట్టింది ఆవిడ ఒక్కతే. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ ఆ రాతి మీద కూర్చోలేదు. మోకాళ్ళు పట్టుకుని నిలబడి, ఆయాసం తీర్చుకుని నడిచేది.

మేనేజరు దగ్గరికి పోయి రాయి మళ్ళీ ఎత్తించమన్నాను. ఆయన పేపరు మీద నుంచి తల ఎత్తలేదు.

"పడితే పడింది. కాలు జారినాది, రాయేం చేసింది? అందురూ బాగుండాదంటా ఉంటే మళ్ళీ పీకేదెందుకు? గమ్మున పని సూసుకో."

"మీరు ఒక్క రోజు ఆ మోపు ఎత్తుకుని కట్ట మీద నడవండి. అప్పుడు చెప్పండి రాయేం చేసిందో" అన్నాను. ఆ మధ్యాహ్నమే నన్ను పనిలో నుంచి తీసేశాడు. దానికి నేను ఏడవలేదు, ఆ తర్వాత సొంతంగానే జనాన్ని తిప్పాను. ఆ మాట రెండేళ్ళ ముందు, బూటుకు బురదయిన రోజు అనలేకపోయానే అని మాత్రం ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఎత్తు

మూడో రోజు పొద్దున్నే నేనూ, గురవన్నా, ఆ రాళ్ళు కొట్టేవాళ్ళిద్దరూ కట్ట మీదికి పోయాము. ఈసారి గురవన్నను పిలవనవసరం రాలేదు, గడ్డపార ఆయనే తెచ్చాడు. సంగతి తెలిసి మేనేజరు రొప్పుకుంటూ వచ్చాడు.

"ఎవుర్నడిగి ముట్టినావురా? చెరువుకట్ట నీ అబ్బ సొత్తా?"

"మీ అబ్బది కూడా కాదు" అన్నాను. అప్పటికే మోపులు మోసే ఆడవాళ్ళు పదిమంది దాకా వచ్చి నిలబడ్డారు. అందరూ ఆయన వైపు చూస్తూ నిలబడ్డారు. ఆయన కాసేపు అరిచి వెళ్ళిపోయాడు.

నిలువు రాళ్ళు పెకలించి, గుంటల్లో మట్టి పోసి, మళ్ళీ పాతాము. వానకు ఒరుగుతాయేమోనన్న భయంతో నేను కొంచెం లోతుగానే పాతించాను. బండ పైకెక్కించాము. వెనక్కి వచ్చి చూసుకుంటే నిండుగా కనిపించింది. నా తప్పు నేను దిద్దుకున్నానని గుండెల నిండా గాలి పీల్చుకున్నాను.

అప్పుడు చెంగమ్మ వచ్చింది. కుడిచెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. వచ్చి బండ పక్కన నిటారుగా నిలబడి, ఎడమచేత్తో దాని అంచు తడిమింది.

"తగ్గింది" అంది.

"ఏం తగ్గిందమ్మా?"

"యెత్తు. ముందు ఈ బండ నా చెవికి తగులుతా ఉండె. ఇప్పుడు సూడు, భుజం కాడే ఆగిపోయినాది. మాయమ్మ నాకంటే పొడుగు. ఆమె యెత్తుకు పెట్టించినాడు మా నాయన."

నాకు అలసటగా ఉంది. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. "జానెడే కదమ్మా. ఇట్లయితే మోపు దించుకోను ఇంకా సులభంగా ఉంటాది కదా" అన్నాను.

ఆ మాట నా నోట్లో నుంచే వచ్చింది. ఇంత జరిగాక కూడా, బోర్డు మీది ఆ మాటే వచ్చింది.

చెంగమ్మ కోప్పడలేదు. బండ అంచు మీద నుంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

"మాయమ్మ మొగం నాకు గుర్తు లేదప్పా. ఆ యెత్తొకటే గుర్తు."

గురవన్న గడ్డపార అందుకున్నాడు. బండ దించి, నిలువు రాళ్ళు రెండూ మళ్ళీ పెకలించి, మొదటి నుంచీ పాతాము. ఎండ నడినెత్తికి వచ్చింది. కట్టు కట్టిన చెయ్యితో ఆమె అక్కడే నిలబడి ఉంది. బండ చెవికి తగిలేదాకా కదల్లేదు.